పిలిస్తే పలకని పిల్ల

తిరుపతి,
12 జూన్ 1946

అన్న రాజారత్నానికి, ఆనందమ్మ వందనాలు.

ఇక్కడ నేనూ నీ కూతురూ క్షేమం అని రాయడం అలవాటు కాబట్టి రాస్తున్నాను. అందులో సగమే నిజం. జ్ఞానం బాగానే తింటోంది, ఎదుగుతోంది. పోయిన ఏడు కుట్టించిన పరికిణీలు అప్పుడే పొట్టివైపోయాయి. వచ్చే నెలకు పదకొండేళ్ళు నిండుతాయి. నీకు గుర్తుందో లేదో అని రాస్తున్నాను. వదిన ప్లేగులో పోయి రెండున్నరేళ్ళయింది. ఊళ్ళో ఆ జబ్బు పూర్తిగా తగ్గకముందే తలారి మునస్వామిని తోడిచ్చి పిల్లను నా దగ్గరికి పంపించావు. ఆ తర్వాత ఒక్కసారి కూడా వచ్చి చూడలేదు. రాళ్ళమిట్ట నుంచి తిరుపతి ఏమన్నా కాశీయా, అన్నా? దేశం నలుమూలల నుంచీ జనం ఈ ఊరికి వస్తున్నారు. నీ ఒక్కడికే దారి దొరకలేదు.

సరే, అసలు సంగతికి వస్తాను. సోమవారం బడి తెరిచారు. ఆ సాయంత్రమే జ్ఞానం క్లాసు టీచరు పద్మాక్షమ్మగారు నన్ను వెతుక్కుంటూ ఆస్పత్రికి వచ్చారు. ఆమెది వైష్ణవుల కుటుంబం, ఎంతో ఆచారం. ఆస్పత్రి గడప తొక్కితే ఇంటికి పోయి తలస్నానం చేయాలి. అయినా వచ్చారంటే చూడు.

"నర్సమ్మా, మీ పాపకు చెవుడేమన్నా ఉండాదా? హాజరు పిలిస్తే పలకదు. పక్కపిల్ల మోచేత్తో పొడిస్తే అప్పుడు లేచి నిలబడతాది. ముఖం సూస్తే నెత్తురు సుక్క ఉండదు. పోయినేడే అనుకున్యా, సిగ్గులే అని ఊరుకున్యా" అన్నారు.

ఇన్నాళ్ళూ నాకెందుకు తెలియలేదని ఆలోచించాను. ఇంట్లో మేమిద్దరమే. "ఇదిగో", "పాపా", "అన్నం తిందువు రా" అంటానే కానీ పేరు పెట్టి పిలవాల్సిన పని పడదు. పైగా నేను ఇంట్లో ఉండేదెంతసేపు? ప్లేగు ఏడాది పని వదిలి పారిపోయిన నర్సుల్లో నలుగురు తిరిగి రాలేదు. ఒకామె ఊళ్ళోనే ఉంది, దారిలో కనిపిస్తే తల వంచుకుని పోతుంది. వాళ్ళ పనీ మా మీదే పడింది. అలాగని ఆస్పత్రి నిండిందా అంటే అదీ లేదు. ఆడవాళ్ళ వార్డులో ఇరవై మంచాలుంటే ఎనిమిది మందే ఉన్నారు. అప్పట్లో ఇక్కడ పోయినవాళ్ళను ఇంటివాళ్ళకు అప్పగించలేదు. "ఆస్పత్రికి పోతే పీనుగును గూడా ఇయ్యరు" అనే మాట ఇంకా వీధుల్లో తిరుగుతోంది. కాన్పు కష్టమై, మంత్రసాని చేతులెత్తేశాకే మా గుమ్మం ఎక్కుతున్నారు.

జ్ఞానం చెవులు డాక్టరమ్మకు చూపిస్తాను. నువ్వు ఒక్కసారి రా. పిల్ల నిన్ను అడగదు. అడగకపోవడమే నాకు బాగాలేదు.

నీ చెల్లెలు
ఆనందమ్మ


రాళ్ళమిట్ట, పలమనేరు తాలూకా,
30 జూన్ 1946

అమ్మా ఆనందం,

నీ ఉత్తరం అందింది. మా పోస్టుమాన్ ఇంకా ఊళ్ళోకి రాడు. ఊరి బయట బండరాయి మీద ఉత్తరాలు పెట్టి, గాలికి పోకుండా పైన చిన్న రాయి పెట్టి, ఒక ఈల వేసి వెళ్ళిపోతాడు. రావద్దని అతనికి ఎవరూ చెప్పలేదు, రమ్మని పిలిచినవాళ్ళూ లేరు. పెద్దమనిషి మునివెంకటప్ప ఇంట్లో ఇప్పటికీ ఉత్తరాన్ని వేపాకు పొగ పట్టించి గానీ విప్పరు. జబ్బు పోయి రెండేళ్ళు దాటినా ఇదీ వరస. చింత చచ్చినా పులుపు చావదన్నట్టుంది.

బడి సంగతి అడగలేదు కానీ చెబుతాను. ప్లేగుకు ముందు నా హాజరు పట్టీలో నలభై ఒక్కమంది. పన్నెండుమంది పోయారు. మిగిలిన ఇరవై తొమ్మిదిమందీ ఊళ్ళోనే ఉన్నారు, వచ్చేది తొమ్మిదిమంది. ఆ తొమ్మిదిమందీ నేను చెప్పకుండానే బారెడు బారెడు దూరంలో కూర్చుంటారు. వచ్చే ఏడు ఇన్‌స్పెక్టరు వచ్చి ఈ తొమ్మిది తలలు లెక్కపెడితే బడి మూసెయ్యమంటాడు. అంటే అననీ.

వాళ్ళు ఒక ఆట కనిపెట్టారు. కొట్టాల ఆట అంటారు. ఎలుకలు చచ్చి రాలినప్పుడు ఊరు వదిలి పొలాల్లో కొట్టాలు వేసుకున్నాం కదా, అదే ఆట. ఒకడు నేల మీద పడుకుంటాడు. మిగతావాళ్ళు పలకలు చంకన పెట్టుకుని గోడ అవతలికి పోయి కూర్చుంటారు. పడుకున్నవాడు లేస్తే ఓడినట్టు. మొన్న అది చూసి అందరినీ బెత్తంతో బాదాను. పద్దెనిమిదేళ్ళ పనిలో పిల్లల మీద చెయ్యి చేసుకోవడం అదే మొదలు.

పోయిన వారం మునివెంకటప్ప తల్లి ముసలితనంతో కన్ను మూసింది. ఏ జబ్బూ లేదు, తొంభై ఏళ్ళు. అయినా మోయడానికి నలుగురు కుదిరేసరికి మిట్టమధ్యాహ్నమైంది. వాకిలి దాకా వచ్చి పలకరించినవాళ్ళే కానీ లోపలికి అడుగు పెట్టినవాళ్ళు లేరు.

ఇలాంటి ఊరికి పిల్లను ఎలా తెచ్చుకోను? అక్కడే ఉండనీ. నాకు బడి విడిచి రావడానికి కుదరదు. వెల్లుల్లి వేసి కాచిన నూనె గోరువెచ్చగా రెండేసి చుక్కలు చెవుల్లో వెయ్యి. కొత్తబెల్లం రెండు అచ్చులు పంపుతున్నాను, పిల్లకు ఇష్టం.

ఇట్లు, నీ అన్న
రాజారత్నం


తిరుపతి,
18 ఆగస్టు 1946

అన్నకు,

బెల్లం అందింది. నూనె చుక్కలు వేయలేదు. డాక్టరమ్మ చూశారు, చెవులు నిక్షేపంగా ఉన్నాయి. వీధి చివర పాలమనిషి చెంబు చప్పుడు నాకన్నా ముందు ఆ పిల్లకే వినబడుతుంది.

నేనే పరీక్ష చేశాను. వెనక నుంచి "పాపా" అన్నాను, తిరిగింది. "బడిపిల్లా" అన్నాను, నవ్వింది కూడా. "జ్ఞానం" అన్నాను. చేతిలో చెంబు అలాగే పట్టుకుని నిలబడిపోయింది. రెండోసారి పిలిచాను, పెదవులు బిగించింది. మూడోసారి పిలిస్తే వణికింది. నాలుగోసారి పిలవడానికి నాకు మనసు రాలేదు. పదిహేనేళ్ళుగా రోగులను చూస్తున్నాను, భయాన్ని గుర్తు పట్టలేనా?

భయం అంటే మా దగ్గర కొరత లేదు. మొన్న కాన్పుల వార్డులో ఒక ఎలుక చచ్చి పడింది. వంటింట్లో పెట్టిన ఎలుకల మందు తిని చచ్చిన ఎలుక అని చెబుతూనే ఉన్నాను, వినేదెవరు? ముందు పరుగెత్తింది మా ఆయా. ఆమె వెనక పచ్చి బాలింత బిడ్డను కొంగులో చుట్టుకుని గేటు దాటింది. ఒకామెకు నొప్పులు వస్తున్నాయి, ఆమెను కూడా మొగుడు భుజాన వేసుకుని పరుగు తీశాడు. గేటు బయట దుమ్ములో కాన్పయింది. తల్లీ బిడ్డా దక్కారు, దేవుడి దయ. అతన్ని తిట్టబోయాను. "నన్నేమన్నా అనుకోమ్మా, ఈమెను మాత్రం యాడా వదల్ను" అన్నాడు. ఇంక తిట్టలేకపోయాను.

బడిలో కొత్త హెడ్‌మిస్ట్రెసు వచ్చింది. హాజరుకు పలకని పిల్లను బుద్ధిమాంద్యం కింద లెక్కగట్టి, దసరా సెలవులు కాగానే పేరు కొట్టేస్తానంటోందట. పద్మాక్షమ్మగారు అడ్డం పడుతున్నారు. లెక్కల్లో క్లాసంతటికీ మొదటిది ఈ పిల్లే, అన్నా. బుద్ధిమాంద్యమట!

నిన్ను ఒక్కటే అడుగుతాను. వదిన పోయిన నాటి సంగతి నువ్వు నాకు రెండు వాక్యాల్లో రాశావు: "జ్వరం వచ్చింది. మూడో రోజు ప్రభువు పిలుచుకున్నాడు." ఆ మూడు రోజులూ పిల్ల ఎక్కడుంది? ఏం చూసింది? నాకు నాటకాలు వద్దు, బెల్లం వద్దు. ఏం జరిగిందో రాయి.

ఆనందమ్మ


రాళ్ళమిట్ట,
21 సెప్టెంబరు 1946

అమ్మా ఆనందం,

నీ ఉత్తరానికి నాలుగుసార్లు జవాబు రాసి చింపేశాను. ఇది చింపకుండా పోస్టు చెయ్యమని దేవుణ్ణి అడుగుతున్నాను.

ప్లేగు ఏడాది క్రిస్మసుకు పది రోజుల ముందు సంగతి. మునివెంకటప్ప గాదె కింద ఒకేసారి ఏడు ఎలుకలు రాలాయి. మునస్వామి పలక డప్పు కొట్టి చాటాడు. పొద్దు గూకేలోగా ఊరు ఖాళీ చేయాలి. తాలూకా నుంచి వచ్చిన నోటీసును బడి అరుగు మీద నిలబడి నేనే చదివాను. జబ్బుపడ్డ మనిషిని విడిగా వేసిన కొట్టంలో పెట్టాలి, తోడుగా ఒకరుండాలి అని ఉంది. గట్టిగా, ఒక్కో మాటా విడదీసి చదివాను. చదవడం వచ్చినవాణ్ణి నేనొక్కణ్ణే కదా.

ఇంటికి వచ్చేసరికి మీ వదిన సంతోషమ్మ ఒళ్ళు కాలిపోతోంది. చంకలో గడ్డ.

నేను ఉద్యోగానికొచ్చిన ఈ ఊరి వాడుక నీకు తెలియదు. పాతరోజుల్లో ప్లేగు వచ్చినప్పటి నుంచీ ఉంది. జబ్బు మనిషిని ఇంట్లోనే ఉంచి, పక్కన నీళ్ళకుండ పెట్టి, బయట గొళ్ళెం వేసి, గొళ్ళేనికి వేపరెమ్మ కడతారు. జ్వరం తలకెక్కితే లేచి కొట్టాల మీదికి పరుగెత్తుకొస్తారని భయం. నేను మునివెంకటప్ప దగ్గరికి పోయి మంచం మోయడానికి మనిషి కావాలన్నాను. "అయ్యవారూ, తీసకపోతే తీసకపో, నేనొద్దన్లా. మంచానికి రెండు పక్కలుండాయి గదప్పా, ఆ పక్క పట్టేవాణ్ణి నువ్వే సూసుకో" అన్నాడు. మునస్వామి ఒక అడుగు ముందుకు వేశాడు. అతని పెళ్ళాం గోచి పట్టి వెనక్కి లాగింది. ఆమెను తప్పు పట్టను.

మంచానికి ఇద్దరు కావాలి. సంతోషమ్మను భుజాన వేసుకోవడానికి నేనొక్కణ్ణి చాలు. బియ్యం మూటంత బరువు కూడా లేని మనిషి. వేసుకోలేదు. ఆ గడ్డ నా మెడకు తగులుతుందని భయపడ్డాను. అంతే, అంతకంటే వేరే కారణమేమీ లేదు.

నీళ్ళకుండ పెట్టాను. గొళ్ళెం వేశాను. రెమ్మ కట్టాను. పిల్ల నా పక్కనే ఉంది, అంతా చూసింది. సందు మలుపు దాకా వచ్చేసరికి లోపలి నుంచి పిలుపు వినబడింది. వెనక్కి పోలేదు. మూడో రోజు పొద్దున పోయి తీశాను. మంచం మీద లేదు. తలుపు దగ్గరే పడి ఉంది.

ఆ రోజు నుంచి జ్ఞానం నా ముఖం చూడలేదు. అన్నం పెడితే తల వంచుకుని తినేది. ఆ పిల్ల కళ్ళెత్తితే అందులో ఏముంటుందో నాకు తెలుసు. అందుకే నీ దగ్గరికి పంపించాను. పిల్ల క్షేమం కోసమని నీకు రాశాను. నా క్షేమం కోసమే.

ఊరి భయం జబ్బును చూసి కాదమ్మా. ఆ ఏడు పదకొండు ఇళ్ళకు గొళ్ళేలు పడ్డాయి. ఎవరి గొళ్ళెం ఎవరు వేశారో ఊరందరికీ తెలుసు. అందుకే ఎవరూ ఎవరింటికీ పోరు.

నీ అన్న
రాజారత్నం


తిరుపతి,
20 అక్టోబరు 1946

అన్నా,

నీ ఉత్తరం చదివి మూడు రోజులు నీ మీద మండిపడ్డాను. నువ్వు ఎదురుగా ఉంటే ఏం అనేదాన్నో నాకే తెలియదు. వదిన నాకు జడ వేసిన మనిషి. నర్సు చదువుకు పోతానంటే నాయనతో పోట్లాడి పంపిన మనిషి. ఆమెకు గొళ్ళెం వేశావా అని ఒక్కదాన్నే గదిలో గట్టిగా అన్నాను.

నాలుగో రోజు నా సంగతి గుర్తొచ్చింది. వదినకు జబ్బు రాకముందే నువ్వు నాకొక ఉత్తరం రాశావు. "పక్క ఊళ్ళో ఎలుకలు రాలుతున్నాయి, వచ్చి మీ వదిననూ పిల్లనూ తీసుకుపో" అని. పోస్టాఫీసులో పొగ పట్టించి ఆలస్యం చేశారు, అంతా అయిపోయాక అందింది అని నీకు జవాబు రాశాను. అది అబద్ధం. ఉత్తరం నువ్వు వేసిన నాలుగో రోజుకే వచ్చింది. పెట్టె అడుగున పెట్టుకున్నాను. అడిగితే సెలవు ఇచ్చేవాళ్ళు, నేను అడగలేదు. ఇక్కడ రోజూ చూస్తున్న చావులు చాలు, అక్కడికి కూడా పోలేనని అనుకున్నాను. ఎవరి కంట్లో దూలముందో ఎవరి కంట్లో నలుసుందో నువ్వే చూసుకో.

ఇంక అసలైన సంగతి. నీ ఉత్తరాన్ని దిండు కింద పెట్టి డ్యూటీకి పోయాను. నాది బుద్ధి తక్కువ పని. వచ్చేసరికి జ్ఞానం దాన్ని ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఏడుస్తుందేమో, నిన్ను తిడుతుందేమో అనుకున్నాను.

"అత్తా, నాయన సరిగ్గా రాయలా" అంది.

"ఏం రాయలేదు?"

"అమ్మ పిలిచింది నాయనని కాదు. నన్ను. 'జ్ఞానం, జ్ఞానం' అని మూడుసార్లు పిలిచింది. నేను పలకలా, పోలా. నేను పొయ్యి గొళ్ళెం తీసుంటే అమ్మ బతికుండును. నాయనకు ఈ సంగతి తెలుసు. అందుకే నన్ను ఇంట్లో ఉండనీలా. సూసేదానికి గూడా రాడు."

అన్నా, విన్నావా? నీ ముఖం చూడలేకపోతోందని నువ్వు కూతుర్ని దూరంగా పంపావు. నాయన తన ముఖం చూడలేకే పంపించాడని ఆ బిడ్డ రెండున్నరేళ్ళుగా అనుకుంటోంది. ఎనిమిదేళ్ళ పిల్ల తలకెత్తుకున్న భారం అది. ఇంకా దించలేదు.

నీ తప్పేమీ లేదమ్మా అని వందసార్లు చెప్పాను. దగ్గరికి తీసుకున్నాను. బైబిలు తీసి వాక్యం చదివాను. అంతా విని, "నువ్వు ఆడ లేవు గదత్తా" అంది. నేను అక్కడ లేనన్నది నిజమే. ఎందుకు లేనో పైన రాశాను.

అక్కడ ఉన్నవాడివి నువ్వొక్కడివే. వదిన ఎవరిని పిలిచిందో, పిల్ల ఏం చేసిందో నీకొక్కడికే తెలుసు. నాకు రాయొద్దు. ఆమెకు రాయి. సెలవులు అయిపోయాయి. క్రిస్మసు దాకా పేరు కొట్టకుండా పద్మాక్షమ్మగారు ఒప్పించారు. ఆ తర్వాత ఆమె మాట కూడా చెల్లదు. బడి పోతే పోనీ, ఇంకో బడి చూస్తాను. తన పేరంటే వణికే పిల్లను నేను ఏ బడిలో బాగు చేయించను?

ఆనందమ్మ


రాళ్ళమిట్ట,
2 నవంబరు 1946

అమ్మా జ్ఞానం,

ఊరంతటికీ ఉత్తరాలు రాసిపెట్టేవాణ్ణి, నీకు మాత్రం ఇదే మొదటి ఉత్తరం. అత్తను చదవమనకు. నీ అంతట నువ్వే చదువుకో. అర్థం కాని మాట ఉండకుండా రాస్తాను.

నువ్వు అత్తతో చెప్పింది సగం నిజం. అమ్మ నిన్నే పిలిచింది. మూడుసార్లు పిలిచింది. నేను అత్తకు రాసినప్పుడు ఆ మాట దాచిపెట్టాను. తలుపు సంగతి రాయగలిగాను కానీ, దాని తర్వాతి సంగతి రాయడానికి చెయ్యి ఆడలేదు. ఇప్పుడు రాస్తున్నాను.

మొదటిసారి పిలిచినప్పుడే నువ్వు పలికావు. "అమ్మా, వస్తాండా" అన్నావు. ఆ మాట నువ్వు మరిచిపోయావు. నేను మరిచిపోలేదు. చేతిలో ఉన్న బట్టలమూట కింద పడేసి వెనక్కి పరుగెత్తావు. నాలుగడుగులు పోయావు. నేను నీ ఎడమ చెయ్యి పట్టుకుని లాగాను. నువ్వు గింజుకున్నావు, నా చెయ్యి కొరికావు. అయినా వదల్లేదు. అమ్మ రెండోసారి పిలిచింది. నువ్వు పలకబోతే నా రెండో చెయ్యి నీ నోటికి అడ్డం పెట్టి నొక్కిపట్టాను. నీ గొంతు వినబడితే అమ్మ లేచి వస్తుందని భయం. మూడోసారి పిలిచినప్పుడు కూడా నా చెయ్యి నీ నోటి మీదే ఉంది. తర్వాత నిన్ను భుజాన వేసుకుని కొట్టాల దాకా నడిచాను. నిన్ను మోసిన ఈ భుజం అమ్మను మోయలేదు.

నువ్వు నమ్మకపోతే నీ ఎడమ మణికట్టు లోపలి వైపు చూసుకో. చిన్న మచ్చ ఉంటుంది. ఎలా వచ్చిందో నీకు తెలియదు. అది నా గోరు దిగిన చోటు.

నువ్వు గొళ్ళెం తీసి ఉంటే అమ్మ బతికేదా అంటే నాకు తెలియదు. ఆ జబ్బుకు ఎనిమిదేళ్ళ పిల్ల చేయగలిగింది ఏమీ లేదు. నాయన చేయగలిగింది ఉంది. పక్కన కూర్చుని చివరిదాకా నీళ్ళు తాపొచ్చు. నేను అది చేయలేదు, నిన్నూ చేయనియ్యలేదు. అమ్మ పిలిస్తే నువ్వు పలికావు, పోబోయావు. ఆపింది నేను.

నిన్ను చూడలేక కాదు, నిన్ను చూస్తే ఈ సంగతి చెప్పాల్సి వస్తుందని రాలేదు. పిరికివాడికి ఒకసారి పిరికితనం సరిపోదు, రోజూ కావాలి. రెండున్నరేళ్ళు అలాగే గడిపాను.

వచ్చే శనివారం బడి తాళం మునస్వామికి ఇచ్చి బయలుదేరుతున్నాను. చిత్తూరు దాకా బస్సు, అక్కడి నుంచి రైలు. ఆదివారం పొద్దున మీ వాకిట్లో ఉంటాను. లోపలికి రమ్మంటే వస్తాను, లేకపోతే అరుగు మీదే కూర్చుంటాను. నన్ను ఏమనాలనిపిస్తే అది అను, వీధంతా వినబడేటట్టు అను. నీ నోటికి చెయ్యి అడ్డం పెట్టను.

మీ నాయన
రాజారత్నం